హట్టి బంగారానికి కరెంటు ఎప్పుడు తగిలింది?

రాయచూరు జిల్లా మాన్వి పేరు చెబితే కన్నడనాట చాలామందికి ముందు గుర్తొచ్చేది జగన్నాథదాసు. ‘హరికథామృతసార’ రాసిన ఆ 18వ శతాబ్దపు హరిదాసుది ఈ సీమే. తరవాత గుర్తొచ్చేది వరి. తుంగభద్ర ఎడమ కాలువ నీళ్ళు వచ్చాక కృష్ణా, గోదావరి, గుంటూరు ప్రాంతాల రైతులు ఇటు తరలివచ్చారు. మాన్వి, సింధనూరు, గంగావతి చుట్టుపక్కల వాళ్ళు వేసుకున్న ఊళ్ళను ఇప్పటికీ ‘క్యాంపులు’ అనే అంటారు. ఈ ఊరి పేరు వింటే రసాయనశాస్త్రం మాత్రం ఎవరికీ గుర్తురాదు. ఎందుకు రావాలో చెప్పడానికి కాస్త చుట్టుదారిలో వెళ్ళాలి.

పదో తరగతి సైన్సు పుస్తకంలో ఒక ప్రయోగం ఉంది. ప్లాస్టిక్ మగ్గు అడుగున రెండు రంధ్రాలు చేసి, రబ్బరు బిరడాల్లోంచి రెండు కార్బన్ కడ్డీలు దూర్చి, 6 వోల్టుల బ్యాటరీకి కలపాలి. మగ్గులో నీళ్ళు పోసి, కొన్ని చుక్కల సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి, కడ్డీల మీద నీళ్ళు నింపిన పరీక్షనాళికలు బోర్లించాలి. బుడగలు మొదలవుతాయి. రుణధ్రువం మీది నాళికలో హైడ్రోజన్, ధనధ్రువం మీది నాళికలో దానికి సగం ఆక్సిజన్ చేరతాయి. కొన్ని పాఠాల తరవాత రాగి వస్తుంది. మలినాలున్న రాగి పలకను ధనధ్రువంగా, పలుచని శుద్ధ రాగి రేకును రుణధ్రువంగా కాపర్ సల్ఫేట్ ద్రావణంలో ముంచి కరెంటు పంపితే రాగి ఇటునుంచి కరిగి అటు పేరుకుంటుంది. కరగని మలినాలు అడుగున మడ్డిగా దిగుతాయి. ఆ మడ్డిలో వెండి, బంగారం కూడా ఉంటాయి. పుస్తకం ఆ మాట దగ్గర ఎక్కువసేపు ఆగదు.

ఆగి ఉంటే మాన్వి పిల్లలకు బాగుండేది. మాన్వి నుంచి పశ్చిమ వాయవ్యంగా గీత గీస్తే సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, ఇదే రాయచూరు జిల్లాలో, లింగసుగూరు తాలూకా హట్టి ఉంది. దేశంలో ఇంకా బంగారం తవ్వుతున్న పెద్ద గని అది. రాతిలోంచి తీసిన బంగారం అక్కడ చివరికి లోహమై కంటికి కనిపించేది రెండు ధ్రువాల మధ్య కరెంటు పారే తొట్టిలోనే. మగ్గు ప్రయోగానికి అది పెద్దన్న. కాకపోతే అక్కడి బంగారం ఈ తొట్టి దాకా రావడానికి రెండు వేల ఏళ్ళు పట్టింది.

కృష్ణా తుంగభద్రల మధ్య ఉన్న ఈ నేలను చరిత్రకారులు రాయచూరు అంతర్వేది అంటారు. దీనికోసం విజయనగరం, బహమనీలు, ఆ తరవాత బీజాపూరు సుల్తాన్లు తరాలపాటు కొట్టుకున్నారు. 1520లో కృష్ణదేవరాయలు ఇస్మాయిల్ ఆదిల్‌షాను ఓడించిన రాయచూరు యుద్ధం ఆ పోరులో అందరికీ తెలిసిన ఘట్టం. రెండు నదుల మధ్య నేల, కోటలు, దారులు అని కారణాలు చాలానే చెబుతారు. నేల కింద ఉన్నదాని మాట తక్కువగా వినిపిస్తుంది. మాన్వికి నేరుగా పడమర ఉన్న మస్కిలో 1915లో సి. బీడన్ అనే ఇంజనీరు రాతి మీద అశోకుడి శాసనం చూశాడు. ‘దేవానాంప్రియుడు’ వంటి బిరుదులతో చెప్పుకునే రాజు అక్కడ అశోకుడు అన్న పేరుతో కనిపించాడు. మిగతా శాసనాలు కూడా ఎవరివో తేల్చిన రాయి అది. బీడన్ పురావస్తు శాఖవాడు కాదు. బంగారం కోసం రాళ్ళు వెతికే గని ఇంజనీరు. మౌర్యుల పాలనలో దక్షిణాన ‘సువర్ణగిరి’ అనే పట్టణం ఉండేదని శాసనాలే చెబుతాయి. అది మస్కి అని కొందరు, కనకగిరి అని కొందరు, కర్నూలు జిల్లా జొన్నగిరి అని మరికొందరు వాదించారు. ఏదైతేనేం, మూడూ బంగారపు సీమలోనివే.

హట్టిలో ఆ పాత తవ్వకాలు ఊహలు కావు. 20వ శతాబ్దపు గనివాళ్ళు కిందికి దిగుతుంటే తమకంటే ముందే ఎవరో దిగిన గుంతలు ఎదురయ్యాయి. కొన్నిచోట్ల ఆ ప్రాచీన తవ్వకాలు 600 అడుగుల లోతు దాటాయి. లోపల దొరికిన పాత కట్టె ముక్కలకు రేడియోకార్బన్ పరీక్ష చేస్తే సుమారు రెండు వేల ఏళ్ళ వయసు తేలింది. పంపులు లేవు, పేలుడు మందు లేదు. పలుగురాయి లాంటి గట్టి రాతిని పగలగొట్టడానికి వాళ్ళు వాడిన ఆయుధం నిప్పు. రాతి గోడకు కట్టెలు పేర్చి మంట పెట్టి, రాయి బాగా కాలాక నీళ్ళు కొట్టేవారు. రాయి చిట్లేది. చిట్లినదాన్ని పెళ్ళగించి పైకి మోసేవారు. పైన బండల మీద గుంటలు చేసి, అందులో రాతిని దంచి నూరేవారు. ఆ నూరుడు గుంటలు హట్టి చుట్టుపక్కల బండల మీద కనిపించాయి. నిజాం ప్రభుత్వ భూగర్భ సర్వేలో పనిచేసిన లియొనార్డ్ మన్ 1930లలో ఈ పాత గనుల గురించీ, వాటి చుట్టూ ఉన్న బృహత్ శిలా సమాధుల గురించీ రాశాడు. రాయచూరు జిల్లా పిక్లిహాళ్‌లో తవ్వకాలు జరిపిన రేమండ్ ఆల్చిన్ 1962లో భారతదేశపు ప్రాచీన స్వర్ణ ఖననం మీద రాసిన వ్యాసంలో హట్టికి పెద్దపీట వేశాడు.

600 అడుగుల లోతున మంట పెడితే పొగ ఎటు పోయేదో, మనుషులు ఎలా ఊపిరి పీల్చుకునేవారో తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. ఆ శ్రమ ఎవరిదో ఏ శాసనమూ చెప్పదు.

నూరిన పొడిని నీళ్ళలో గాలించడం తరవాతి పని. బంగారం బరువు, రాతి పొడి తేలిక. తిప్పుతూ నీళ్ళు ఒంపుతూ పోతే చివరికి పళ్ళెం అడుగున పసుపు గీత మిగులుతుంది. ఈ గాలింపునే బతుకుతెరువు చేసుకున్నవాళ్ళు తెలుగునాట ‘జలగడుగు’లు. కంసాలి దుకాణాల ముందు ఊడ్చిన దుమ్ము, మురుగుకాలవల మట్టి వాళ్ళకు గని. సి.పి. బ్రౌన్ వాళ్ళ పని గురించి రాశాడు, థర్‌స్టన్ కులాల సంపుటాల్లోనూ వాళ్ళకు చోటు దొరికింది. కంటికి ఆనని రేణువుల్ని పాదరసంలో కలిపి, ఆ ముద్దను వేడిచేసి, పాదరసాన్ని ఆవిరి చేసి బంగారాన్ని మిగుల్చుకోవడం ఇంకో పద్ధతి. ఆ ఆవిరి పీల్చినవాళ్ళ ఆయుష్షు ఎంతో ఎవరూ లెక్కపెట్టలేదు. మేలిమి తేల్చడానికి కంసాలికి గీటురాయి, పుటం ఉండనే ఉన్నాయి. నిప్పు, నీరు, పాదరసం, ఆమ్లం. 19వ శతాబ్దం మొదలయ్యేదాకా బంగారాన్ని లొంగదీసుకునే సాధనాలు ప్రపంచమంతటా ఇవే.

ఆ శతాబ్దం గుమ్మంలోనే కొత్త సాధనం వచ్చింది. 1800 మార్చిలో ఇటలీ శాస్త్రవేత్త వోల్టా లండన్ రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. జింకు, వెండి బిళ్ళల మధ్య ఉప్పునీటిలో తడిపిన అట్టలు పెట్టి దొంతరగా పేరిస్తే ఆగకుండా విద్యుత్తు వస్తోందన్నది దాని సారాంశం. ఉత్తరం అచ్చు కాకముందే దాని గురించి విన్న విలియం నికల్సన్, ఆంథొనీ కార్లైల్ మే 2న లండన్‌లో అలాంటి దొంతరే పేర్చి, తీగల్ని నీళ్ళలో ముంచారు. ఒక తీగ దగ్గర హైడ్రోజన్ బుడగలు లేచాయి. ఇత్తడి తీగకు బదులు ప్లాటినం వాడితే రెండో తీగ దగ్గర ఆక్సిజన్ కూడా వచ్చింది. మగ్గు ప్రయోగం పుట్టిన రోజు అది. 1807 అక్టోబరులో హంఫ్రీ డేవీ కరిగించిన పొటాష్‌లోకి కరెంటు పంపి పొటాషియం తీశాడు, కొద్ది రోజులకే సోడియం తీశాడు. 1830లలో మైకేల్ ఫారడే దీనికి లెక్క కట్టాడు. ఎంత విద్యుత్తు పారితే అంత పదార్థం విడుదలవుతుందనీ, ఏ పదార్థం ఎంత వస్తుందో దాని తుల్యభారాన్ని బట్టి ఉంటుందనీ తేల్చాడు. ఆనోడ్, కాథోడ్, అయాన్ అన్న పేర్లు పెట్టడంలో కేంబ్రిడ్జి పండితుడు విలియం హ్యూయెల్ సాయం తీసుకున్నాడు.

బంగారం ఈ కథలోకి వచ్చింది గని దారిలో కాదు, పూత దారిలో. 1840లో బర్మింగ్‌హామ్‌కు చెందిన ఎల్కింగ్టన్‌లు సైనైడ్ ద్రావణంలోంచి కరెంటుతో వెండి, బంగారు పూత వేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నారు. బంగారం మామూలు ఆమ్లాలకు లొంగదు గాని, గాలి తగులుతున్న సైనైడ్ నీళ్ళలో నిదానంగా కరుగుతుంది. పూత వాళ్ళకు ఈ సంగతి తెలిసిన దాదాపు యాభై ఏళ్ళకు గాని గనివాళ్ళకు దాన్ని రాతిపొడి మీద ప్రయోగించాలని తట్టలేదు. 1887లో గ్లాస్గోలో మెకార్థర్, ఫారెస్ట్ సోదరులు ఆ పేటెంటు తీసుకున్నారు. టన్ను రాతిలో కొద్ది గ్రాముల బంగారం మాత్రమే ఉన్నా, కంటికి కనపడకున్నా, నీళ్ళలోకి లాగేయవచ్చు. ప్రపంచంలో బంగారం తవ్వకం రూపమే మారిపోయింది.

ఆ పేటెంటుకు ఒక ఏడాది ముందే, 1886లో, నిజాం ప్రభుత్వం తన రాజ్యంలో ఖనిజాలు తవ్వుకునే హక్కును లండన్ మదుపరులకు 99 ఏళ్ళకు రాసిచ్చింది. అలా పుట్టిన హైదరాబాద్ డెక్కన్ కంపెనీ చేతికి ఇటు సింగరేణి బొగ్గు, అటు రాయచూరు అంతర్వేది బంగారం రెండూ వెళ్ళాయి. వాటాల అమ్మకంలో జరిగిన గోల్‌మాల్ మీద బ్రిటిష్ పార్లమెంటు విచారణ కమిటీ కూర్చుంది. హైదరాబాదు తరఫున ఆ వ్యవహారం నడిపిన అబ్దుల్ హక్ పేరు ఆనాటి పత్రికల్లో మారుమోగింది. బొగ్గు నిలిచి పెరిగింది. బంగారం అంత తేలిగ్గా నిలవలేదు. దేవదుర్గ తాలూకా వందల్లి దగ్గర మొదట తవ్వారు. ఆ తరవాత 1900ల తొలి ఏళ్ళలో హట్టి (నిజాం) గోల్డ్ మైన్స్ కంపెనీ పని మొదలుపెట్టి, 1920లో మూతేసింది.

ఆ తొలి దఫాలో బంగారు గనుల్లో వాడుక పద్ధతి ఏమిటంటే, దంపుడు మిల్లులో రాతిని పొడిచేసి, పాదరసం పూసిన రాగి పలకల మీదుగా పారించి, దానికీ చిక్కని బంగారాన్ని సైనైడ్‌లో కరిగించి, ఆ ద్రావణాన్ని జింకు రజను నింపిన పెట్టెల్లోంచి పంపడం. జింకు కరుగుతుంది, బంగారం బయటపడుతుంది. బ్యాటరీ లేకపోయినా జరిగేది ఎలక్ట్రాన్ల బదిలీయే. పదో తరగతి పిల్లలు కాపర్ సల్ఫేట్‌లో ఇనుప మేకు వేసి, దాని మీద ఎర్రగా రాగి పట్టడం చూసే ప్రయోగానికీ దీనికీ సూత్రంలో తేడా లేదు.

ఇక్కడొక మలుపుంది. కరెంటుతోనే బంగారాన్ని బయటికి తీయవచ్చని అప్పటికే నిరూపణ అయింది. 1894లో దక్షిణాఫ్రికాలోని వూస్టర్ గనిలో సీమెన్స్-హాల్‌స్కె కంపెనీ పద్ధతి పెట్టారు. ఇనుప ధనధ్రువాలు, పలుచని సీసపు రేకుల రుణధ్రువాలు. బంగారం సీసం మీద పట్టేది, తరవాత సీసాన్ని కరిగించి వేరుచేసేవారు. పని చేసింది, కొన్నేళ్ళు నడిచింది, చివరికి జింకు దానిని వెనక్కి నెట్టింది. కారణం ఫారడే లెక్కలోనే దొరుకుతుంది. ద్రావణంలో బంగారం చాలా పలుచన. అంత పలుచని నీళ్ళలోంచి బంగారాన్ని ధ్రువం దాకా రప్పించాలంటే ధ్రువాలు చాలా పెద్దవి కావాలి, తొట్లు చాలా కావాలి, పంపిన కరెంటులో ఎక్కువ భాగం బంగారానికి పోకుండా నీళ్ళను విడగొట్టడంలో ఖర్చయిపోతుంది. విద్యుత్తు ఓడిపోలేదు, చేతికొచ్చిన నీళ్ళే పలుచనయ్యాయి.

నీళ్ళను చిక్కన చేసే దారి 1950ల మొదట్లో అమెరికా గనుల బ్యూరోలో దొరికింది. బంగారం కరిగిన సైనైడ్ ద్రావణంలో ఉత్తేజిత బొగ్గు వేస్తే అది బంగారాన్ని పట్టుకుంటుందని ముందే తెలుసు. ఆ పట్టు విడిపించి, బొగ్గును మళ్ళీ వాడుకోవడం తెలియదు. జాన్ జాడ్రా, ఆయన సహచరులు వేడి కాస్టిక్ సోడా, సైనైడ్ ద్రావణంతో కడిగితే బొగ్గు బంగారాన్ని వదిలేస్తుందని చూపించారు. ఆ కడుగు నీళ్ళు మొదటి ద్రావణంకన్నా ఎన్నో రెట్లు చిక్కన. వాటిని ఇనుప ఉన్ని నింపిన రుణధ్రువాల మధ్య పారిస్తే బంగారం ఆ ఉన్నికి పడుతుంది. 1970లలో ఈ పద్ధతి అమెరికాలో పెద్ద గనికెక్కి, అక్కడినుంచి ప్రపంచమంతా పాకింది. ఇందులో వాడే గట్టి బొగ్గు ఎక్కువగా కొబ్బరి చిప్పలది. కోనసీమ కొబ్బరి తోటల్లో పెరిగినవాళ్ళకు ఈ సంగతి ఇంకాస్త రుచిస్తుంది.

హట్టి మాత్రం 1920 నుంచి చాలాకాలం మూగబోయి ఉంది. 1947లో హైదరాబాద్ గోల్డ్ మైన్స్ కంపెనీ పేరుతో నిజాం రాజ్యమే మళ్ళీ తెరిచింది. పోలీసు చర్య, రాష్ట్రాల పునర్విభజన దాని మీదుగానే పోయాయి. 1956 నవంబరు 1న రాయచూరు జిల్లా మైసూరు రాష్ట్రంలో చేరింది. అప్పటిదాకా ఇదే జిల్లాలో ఉన్న ఆలంపూరు, గద్వాల తాలూకాలు విడిపోయి మహబూబ్‌నగర్‌లో కలిసి ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి. ఒకే జిల్లా కచేరీకి తిరిగిన మాన్వివాళ్ళూ గద్వాలవాళ్ళూ ఆ రోజునుంచి వేర్వేరు రాష్ట్రాలవాళ్ళయ్యారు. కంపెనీ పేరులోంచి హైదరాబాద్ పోయి హట్టి చేరింది. ఇప్పుడది కర్ణాటక ప్రభుత్వ సంస్థ. కోలార్ గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాక దేశపు సొంత బంగారమంటే దాదాపుగా హట్టి బంగారమే అయింది.

ఈనాటి హట్టిలో పని ఇలా సాగుతుంది. లోతునుంచి తెచ్చిన రాతిని మరల్లో పిండిచేస్తారు. బరువైన రేణువుల్ని ముందే గాలించి తీస్తారు. అది జలగడుగుల విద్యే, యంత్రం చేస్తోందంతే. మిగిలిన బురదలోకి సైనైడ్, గాలి పంపి బంగారాన్ని కరిగిస్తారు. బొగ్గు ఆ బంగారాన్ని పట్టుకుంటుంది. బొగ్గును కడిగిన చిక్కని ద్రావణం కరెంటు తొట్టికి వెళ్తుంది. తొట్టిలో రుణధ్రువానికి పట్టిన బంగారపు మడ్డిని ఆరబెట్టి, వెలిగారం వంటివి కలిపి కొలిమిలో కరిగిస్తే కడ్డీ తయారు. వెలిగారం లేకుండా మాన్వి బజారులో కంసాలికీ రోజు గడవదు.

ఆ తొట్టి దగ్గర పాఠ్యపుస్తకానికి అందని చిక్కు ఒకటుంది. ధన అయాన్లు రుణధ్రువం వైపు పోతాయని క్లాసులో నేర్పుతారు. సైనైడ్‌లో కరిగిన బంగారం ఒంటరిగా ఉండదు. ఒక బంగారు పరమాణువును రెండు సైనైడ్‌లు అటూ ఇటూ పట్టుకుని ఉంటాయి, ఆ ముగ్గురూ కలిసిన అయాను మీద ఉండేది రుణావేశం. బట్టీ పట్టిన సూత్రం ప్రకారం అది రుణధ్రువానికి దూరంగా పారిపోవాలి. అయినా బంగారం పట్టేది రుణధ్రువానికే. ద్రావణాన్ని ఆగకుండా పారిస్తూ ఉంటారు గనక ఆ అయాను ప్రవాహంతో పాటు ఇనుప ఉన్ని దాకా కొట్టుకొస్తుంది. ఆ ఉపరితలం మీద ఒక ఎలక్ట్రాన్ అందుకోగానే బంగారం లోహంగా అంటుకుంటుంది, సైనైడ్‌లు విడిపోయి నీళ్ళలోకి తిరిగి పోతాయి. ఎటు ఈదుకుపోతుందన్నదాని కంటే ధ్రువం దగ్గర ఎవరు ఎలక్ట్రాన్ అందుకుంటారన్నదే అసలు ప్రశ్న అని ఇంత బాగా చూపించే ఉదాహరణ మరొకటి దొరకడం కష్టం. జిల్లాలోనే ఉంది. పాఠంలో లేదు.

లెక్క కూడా ముచ్చటైనదే. ఒక ఆంపియర్ కరెంటు గంటసేపు ఆగకుండా పారితే, వృథా లేకపోతే, కాపర్ సల్ఫేట్‌లోంచి వచ్చే రాగి 1.2 గ్రాములకు కాస్త తక్కువ. అదే కరెంటుకు అల్యూమినియం గ్రాములో మూడో వంతు. సైనైడ్‌లోంచి బంగారమైతే 7.35 గ్రాములు. బంగారు పరమాణువు బరువు 197, అది అడిగేది ఒక్క ఎలక్ట్రాన్. అల్యూమినియం పరమాణువు బరువు 27, అది మూడు అడుగుతుంది. పాత లెక్కన తులం అంటే 11.66 గ్రాములు. తులం బంగారానికి ఒక ఆంపియర్ కరెంటు గంటా ముప్పై అయిదు నిమిషాలు చాలన్నమాట. కాగితం మీది మాట ఇది. తొట్టిలో కరెంటు చాలావరకు నీళ్ళ మీద పోతుందని సీమెన్స్ కాలం నుంచే తెలుసు. అయినా, లోతునుంచి రాతిని పైకి లాగడానికీ నూరడానికీ పోయే విద్యుత్తు ముందు ఈ తొట్టి తాగేది పిసరంతే.

గనికి విద్యుత్తు అవసరమైన తీరు దక్షిణాది విద్యుత్ చరిత్రనే మలిచింది. 1902లో కావేరి మీద శివనసముద్రం నుంచి కరెంటు మొదట పోయింది బెంగళూరు ఇళ్ళకు కాదు, కోలార్ గనులకు. రాయచూరు అంతర్వేదికి నీళ్ళూ వెలుగూ చాలా ఆలస్యంగా, రెండూ ఒకే ఆనకట్ట నుంచి వచ్చాయి. 1945లో శంకుస్థాపన జరిగిన తుంగభద్ర ఆనకట్ట 1953 నాటికి నీళ్ళిచ్చింది. 1950ల చివర నుంచి కరెంటు కూడా ఇచ్చింది. తరవాత 1985లో కృష్ణ ఒడ్డున శక్తినగర్ థర్మల్ కేంద్రం వచ్చింది. దానికి బొగ్గు సింగరేణి నుంచీ వచ్చేది. 1886 నాటి ఒకే ఒప్పందంలో కట్టగట్టి అమ్ముడుపోయిన బొగ్గూ బంగారమూ నూరేళ్ళకు ఇలా మళ్ళీ ఒకే జిల్లాలో తారసపడ్డాయి.

సైనైడ్, రాతిపొడి మాట ఇంతటితో వదిలేస్తే న్యాయం కాదు. బంగారం తీసేశాక మిగిలే బూడిదరంగు మట్టి హట్టి పక్కన గుట్టలుగా ఉంది. ఈ రాళ్ళలో బంగారంతో పాటు ఆర్సెనిక్ ఉన్న ఖనిజాలూ కలిసి ఉంటాయి. పక్కనే యాదగిరి జిల్లా సురపురం తాలూకాలో, పాత మంగళూరు బంగారు గనికి దగ్గర్లో ఉన్న కిరదళ్ళి తాండాలో తాగునీటి ఆర్సెనిక్ వల్ల జనం చర్మవ్యాధుల పాలయ్యారు. అక్కడి నేలలోనే సహజంగా ఆర్సెనిక్ ఉంది, దానికి తోడు పాత గని. పాపం ఎందులో ఎంతో పరిశోధకులే తూకం వేయాలి. ఊళ్ళో చేదుకునే నీళ్ళు మాత్రం అవే.

గనిలో కరెంటు బంగారాన్ని ఒకచోటికి చేరుస్తుంది. కోస్తాలో అదే కరెంటు దాన్ని పలుచగా పరిచి ఊరూరా పంచింది. మచిలీపట్నం పక్కన చిలకలపూడి నగల సంగతి తెలియని తెలుగువాళ్ళు ఉండరు. ‘ఉమా గోల్డ్ కవరింగ్’ ప్రకటనలు ఒకప్పుడు ‘చందమామ’ వెనక పేజీల్లో కనపడేవి. ఆ తొలినాటి పద్ధతి కరెంటుది కాదు. నిజమైన బంగారపు రేకును వేరే లోహం మీద అతికించేవారు, ఆ ప్రకటనలు గొప్పగా చెప్పుకున్నదీ అదే. తరవాత రేకు స్థానంలోకి ఎలక్ట్రోప్లేటింగ్ తొట్టి వచ్చింది. నగను రుణధ్రువంగా బంగారపు సైనైడ్ ద్రావణంలో వేలాడదీస్తే హట్టి తొట్టిలో జరిగే పనే జరుగుతుంది. తేడా ఒక్కటే. అక్కడ ఇనుప ఉన్నిని తరవాత వదిలించుకుంటారు, ఇక్కడ అడుగునున్న రాగినో ఇత్తడినో అలాగే ఉంచి మెడలో వేసుకుంటారు.

‘వన్ గ్రామ్ గోల్డ్’ అనే మాటకు వెనక లెక్క లేకపోలేదు. ఒక గ్రాము బంగారాన్ని మైక్రాను మందంలో, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు మందంలో పరిస్తే, 500 చదరపు సెంటీమీటర్లకు పైగా కప్పుతుంది. నోటుపుస్తకపు పేజీ అంత నేల. అర మైక్రానుకు తగ్గిస్తే రెండు పేజీలు. ఎన్ని నిమిషాలు ముంచారో, ఎన్ని ఆంపియర్లు పంపారో తెలిస్తే పూత ఎంత పట్టిందో ఫారడే లెక్కతో చెప్పేయవచ్చు. ప్లేటింగ్ షాపులో పనిచేసే కుర్రవాడు చేసేదీ అదే, సూత్రం పేరు తెలియకపోయినా. వరి పంట తప్పిన ఏడాది క్యాంపు ఇళ్ళలో అసలు నగలు బ్యాంకు లాకరుకో తాకట్టుకో వెళ్తాయి, పెళ్ళిళ్ళకు ఈ నగలు బయటికొస్తాయి.

పూత అరిగిన నగలు చెత్తలోకి పోవు. వాటిని కొనేవాళ్ళు ఉన్నారు. ధ్రువాల్ని తారుమారు చేసి, నగను ఈసారి ధనధ్రువానికి తగిలించి సైనైడ్ తొట్టిలో పెడితే పట్టిన బంగారం తిరిగి నీళ్ళలోకి దిగుతుంది. పాత ద్రావణాలు, తొట్లు కడిగిన నీళ్ళు, పాలిష్ చక్రాల దుమ్ము, గుడ్డపీలికలు, అన్నీ పోగుచేసి బంగారం వెనక్కి తీసే శుద్ధి దుకాణాలు నగల పట్టణాల్లో వెనక సందుల్లో నడుస్తుంటాయి. కంసాలి వీధుల్లో పొద్దున్నే చీపురుతో దుమ్ము పోగేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళ సంచీ వెళ్ళి చేరేదీ ఆ దుకాణాలకే.